పనిముట్టుకు పదును.. ఇంటి దగ్గరే సాన బల్ల

విత్తనం పడాలంటే నేలలో పదునుండాలి. కలుపు తీయాలన్నా, కోత కోయాలన్నా చేతిలో ఉన్న పనిముట్టుకు పదునుండాలి. నేల పదును కోసం మట్టి పిసికి చూసి మరీ అరక కట్టే రైతు, కొడవలి పదును సంగతి మాత్రం కూలీలు చేలో దిగాక గాని తలచుకోడు. అప్పటికప్పుడు గట్టు మీది రాయికేసి నాలుగు రుద్దులు రుద్ది సరిపెట్టుకోవడం మామూలైపోయింది.

దీనివల్ల పోయేదేమిటో ఒక చిన్న లెక్క వేసుకుందాం. అయిదుగురు కూలీలు కోతకు వచ్చారనుకోండి. మొద్దుబారిన కొడవలిని రాయి మీద రుద్దుకోవడానికి ఒక్కొక్కరు రోజుకు నాలుగుసార్లు ఆగి, ఆగినప్పుడల్లా పది నిమిషాలు పెట్టారనుకున్నా మొత్తం 200 నిమిషాలు. అంటే 3 గంటల 20 నిమిషాలు. దాదాపు సగం కూలి పని చేయకుండానే పోయినట్టు. ఇది కాక మొద్దు కొడవలితో కోస్తే దుబ్బును లాగి తెంపాల్సి వస్తుంది. ఆ కుదుపుకు మినుము, పెసర, నువ్వు వంటి పంటల్లో ఎండిన కాయలు పగిలి గింజ నేల పాలవుతుంది. రోజంతా లాగి లాగి ఆడకూలీల మణికట్లు వాచిపోతాయి. ఆ నష్టం ఏ లెక్కలోకీ ఎక్కదు.

వరికోత యంత్రాలు వచ్చాక కొడవళ్ళతో పనేముంది అనవచ్చు. యంత్రం దిగని చిన్న మడి, గాలివానకు పడిపోయిన చేను, జొన్న, మొక్కజొన్న చొప్ప, గట్ల మీద పశుగ్రాసం ఇవన్నీ నేటికీ కొడవలి పనులే. ఎకరం, రెండెకరాల రైతుకు పార, గొడ్డలి, కత్తి, కొడవలి లేకుండా ఒక్క పూట గడవదు.

వెనుక ఊరికో కొలిమి ఉండేది. కళ్ళంలో కమ్మరికి మేర కొలిచి ఇస్తే ఏడాది పొడుగునా పనిముట్లు బాగు చేసి పెట్టేవాడు. సైకిలు మీద సానరాయి బిగించుకుని వీధి వీధీ తిరిగేవారూ ఉండేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో కొలిమి ఆరిపోయింది. పదును కోసం మండల కేంద్రానికి పోవాలంటే ఒక పూట పని చెడుతుంది. అందుకని కొందరు యువ రైతులు వెల్డింగు పనివాళ్ళు వాడే చేతి గ్రైండరు కొనుక్కుని, కొడవలిని కాలి కింద తొక్కిపెట్టి సాన పడుతున్నారు. ఇది రెండు విధాలా చేటు. ఇనుము మాడి పదును నిలవదు. చేయి జారితే మనిషికే ప్రమాదం. ఇంటి పంచలోనో, పశువుల పాక పక్కనో ఒక సాన బల్ల ఏర్పాటు చేసుకుంటే ఈ రెండు బాధలూ తప్పుతాయి.

సానకు ఆనుడే ప్రాణం

సాన అనగానే అందరి చూపూ చక్రం మీదికి పోతుంది. అసలు కీలకం చక్రం ముందు ఉండే ఇనుప పలకలో ఉంది. వర్కుషాపుల్లో దీన్నే టూల్ రెస్టు అంటారు. మనం ఆనుడు పలక అనుకుందాం. పనిముట్టును గాలిలో పట్టుకుని చక్రానికి తాకిస్తే ప్రతిసారీ వాలు మారిపోతుంది. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అరిగి వాదర వంకర్లు పోతుంది. అదే పనిముట్టును పలక మీద ఆనించి జరిపితే వాలు మారదు, చేయి వణకదు, వేళ్ళు చక్రం వైపు జారవు.

గ్రైండరుతో పాటు వచ్చే పలక రెండు మూడు వేళ్ళ వెడల్పే ఉంటుంది. అడుగు పొడవున్న కొడవలి దాని మీద నిలవదు. కాబట్టి వెడల్పాటి పలకను మనమే చేయించుకోవాలి.

ఏ గ్రైండరు కొనాలి?

కరెంటు సరిగా లేని చోట, నాలుగైదు పనిముట్లే ఉన్న ఇంట్లో చేతితో తిప్పే సాన యంత్రం చాలు. బల్ల అంచుకు బిగించుకోవచ్చు. ఒకరు తిప్పుతుంటే మరొకరు సాన పట్టాలి. నెమ్మదిగా తిరుగుతుంది కనుక ఇనుము వేడెక్కడం తక్కువ. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే మంచిది.

పది మంది పనిముట్లు చూడాల్సి ఉంటే 6 అంగుళాల చక్రంతో, సింగిల్ ఫేజు కరెంటుతో నడిచే బెంచి గ్రైండరు తీసుకోవచ్చు. ఇవి సాధారణంగా నిమిషానికి 2,850 చుట్లు తిరుగుతాయి. అంటే చక్రం అంచు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. చేతి గ్రైండరు బిళ్ళ 4 అంగుళాలే అయినా నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. కొడవలి సానకు అంత వేగం అక్కరలేదు. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే పాత మోటారు ఉంటే, దాన్ని తెలిసిన మెకానిక్కు చేత చక్రం, కవచం సక్రమంగా బిగించి వాడుకోవచ్చు. వేగం సగమే కనుక సెగ కూడా తగ్గుతుంది.

నలుగురైదుగురు రైతులు కలిసి కొనుక్కున్నా నష్టం లేదు. సాన పని రోజూ ఉండదు కదా.

బల్ల తయారీ

బల్ల పైచెక్క 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉంటే సరిపోతుంది. పాత ద్వారబంధం చెక్క గాని, తుమ్మ, వేప చెక్క గాని వాడుకోవచ్చు. కాళ్ళకు 4 అంగుళాల దుంగలు లేదా పాత ఇనుము కొట్టులో దొరికే 40 మి.మీ. యాంగిలరు ముక్కలు పనికొస్తాయి. కాళ్ళ మధ్య అడ్డపట్టీలు తప్పక వేయించాలి. వాటి మీద ఒక అర పెట్టి ఇసుక బస్తా ఉంచితే బల్ల కదలదు. బల్ల ఊగితే చక్రం ఊగుతుంది. చక్రం ఊగితే వాదర మెట్లు మెట్లుగా అరుగుతుంది.

ఎత్తు ఎవరికి వారు చూసుకోవాలి. నిటారుగా నిలబడి మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. చక్రం ఇరుసు దానికి రెండు మూడు అంగుళాలు కిందికి రావాలి. గ్రైండరు ఎత్తు అందులోంచి తీసివేస్తే బల్ల ఎత్తు తేలుతుంది. ఇంట్లో ఎక్కువగా సాన పట్టేది ఆడవాళ్ళయితే వాళ్ళ కొలతే తీసుకోవాలి.

గ్రైండరును బల్ల ముందంచు నుంచి 8 అంగుళాలు వెనక్కి జరిపి నాలుగు బోల్టులతో బిగించాలి. కింద పాత ట్రాక్టరు ట్యూబు ముక్కలు వేస్తే అదురు తగ్గుతుంది. ముందు మిగిలిన చోటులోనే ఆనుడు పలక వస్తుంది.

ఆనుడు పలక ఇలా..

దీనికి కావలసినవి 6 మి.మీ. మందం ఇనుప ప్లేటు ముక్కలు రెండు (ఒక్కొక్కటి 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు), 40 మి.మీ. వెడల్పు ఇనుప పట్టీ ముక్కలు రెండు, 12 మి.మీ. పొడవాటి బోల్టు ఒకటి. ఏ వెల్డింగు షాపులోనైనా గంటా రెండు గంటల పని.

ఒక ప్లేటు పీఠం. ఇందులో ముందుకూ వెనక్కూ జరిగేలా 2 అంగుళాల పొడవు గాడులు రెండు పెట్టించాలి. ఈ గాడుల్లోంచి బోల్టులు వేసి పీఠాన్ని బల్లకు బిగిస్తారు. చక్రం అరిగే కొద్దీ పీఠాన్ని దగ్గరకు జరుపుకోవడానికే ఈ ఏర్పాటు.

రెండు పట్టీలను పీఠం మీద నిలువుగా వెల్డింగు చేయించాలి. వాటి పై చివర 12 మి.మీ. రంధ్రాలు వేయించాలి. రంధ్రం చక్రం ఇరుసు కంటే అంగుళం కిందికి ఉండాలి. అందుకని ముందు గ్రైండరు బిగించి, ఇరుసు ఎత్తు కొలిచాకే పట్టీలు కోయించుకోండి.

రెండో ప్లేటే పలక. దాని అడుగున, చక్రం వైపు అంచుకు అంగుళం దూరంలో రెండు చెవులు అతికించి, వాటిని పట్టీల మధ్య ఇమిడ్చి బోల్టు దూర్చాలి. నట్టు వదులు చేస్తే పలక వాలుతుంది, బిగిస్తే అక్కడే నిలుస్తుంది. నట్టు కింద స్ప్రింగు వాషరు వేయడం మరవద్దు. పలక పైభాగం నున్నగా ఉండాలి. వెల్డింగు బొబ్బలుంటే ఆకురాయితో రాకించాలి.

పలకకూ చక్రానికీ మధ్య సందు 3 మి.మీ. మించకూడదు. సందు ఎక్కువైతే కొడవలి మొన అందులోకి దిగి ఇరుక్కుంటుంది. చక్రం పగిలే ప్రమాదాల్లో ఇది ముఖ్యమైనది. పలక వాలు మార్చిన ప్రతిసారీ సందు కూడా మారుతుంది. కరెంటు తీసేసి, చక్రాన్ని చేతితో తిప్పి చూసి, సందు మళ్ళీ సరిచేసుకోవాలి. సరిచేయడం ఎప్పుడూ చక్రం ఆగి ఉన్నప్పుడే.

చక్రం ఎంపిక, బిగింపు

చక్రం మీద అతికించిన కాగితం మీద ‘ఎ 60 కె 5 వి’ వంటి గుర్తులుంటాయి. మొదటి అక్షరం ‘ఎ’ అయితే ఇనుము, ఉక్కు పనికి తగినది. 60 అనేది గరుకు సంఖ్య. 36 ముతక, 60 మధ్యరకం, 100 పైన సన్నం. నొక్కులు పడ్డ పారకు 36, కొడవలికి, కత్తికి 60 లేదా 80 వాడవచ్చు. ‘కె’ అన్నది చక్రం గట్టితనం. అక్షరం ముందుకు పోయే కొద్దీ చక్రం గట్టిది. మరీ గట్టి చక్రం త్వరగా నున్నబడి ఇనుమును మాడుస్తుంది. కొడవళ్ళకు కాస్త మెత్తని చక్రమే మేలు.

కాగితం మీద చక్రం ఓర్చుకునే గరిష్ఠ వేగం కూడా రాసి ఉంటుంది. మోటారు వేగం దానికంటే తక్కువ ఉండాలి.

బిగించే ముందు చక్రాన్ని రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్క పిడితో మెల్లగా తట్టండి. కుండను కొనేటప్పుడు తట్టి చూసినట్టే. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టు. అలాంటి చక్రాన్ని పగలగొట్టి పారేయండి, ఇంకొకరు తీసుకుని వాడకుండా. చక్రానికి రెండు వైపులా అట్ట వాషర్లు ఉండాలి. ఎడమ వైపు నట్టు మరలు తిరుగుడుగా ఉంటాయి. ఆ సంగతి తెలియక బలవంతంగా తిప్పితే మర చెడుతుంది.

కొత్త చక్రం వేశాక పక్కకు తొలగి నిలబడి, ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలి. బీట ఉన్న చక్రం ఎక్కువగా మొదట్లోనే పగులుతుంది.

వాలు ఎంత?

డిగ్రీలు కొలిచే సాధనం లేకపోయినా వాలు తేల్చుకోవచ్చు. ఒక వైపే వాలు ఉన్న పనిముట్టు అయితే, అరగదీసిన వాలు ముఖం వెడల్పు అలుగు మందానికి రెండింతలు ఉంటే వాలు 30 డిగ్రీలు. రెండున్నర రెట్లయితే సుమారు 24 డిగ్రీలు. ఒకటిన్నర రెట్లయితే సుమారు 42 డిగ్రీలు.

మెత్తని గడ్డి, వరి కోసే కొడవలికి రెండున్నర రెట్లు సరిపోతుంది. 2 మి.మీ. మందం ఉన్న కొడవలికి 5 మి.మీ. వాలు అన్నమాట. కొమ్మలు కొట్టే కత్తికి రెండింతలు. రాళ్ళు తగిలే పారకు ఒకటిన్నర రెట్లు చాలు. వాదర మరీ పలచగా తీస్తే మొదట బాగా తెగినా, రాయి తగలగానే మడత పడుతుంది. గొడ్డలికి రెండు వైపులా కమ్మరి పెట్టిన బొజ్జను చెడగొట్టకుండా అంచు వరకే సవరించాలి.

పలక వాలు కుదిరిందో లేదో చూసే సులువు ఒకటుంది. పాత వాలు ముఖానికి బొగ్గు గాని, స్కెచ్ పెన్ను సిరా గాని పూయండి. కరెంటు తీసేసి పనిముట్టును పలక మీద ఆనించి, చక్రాన్ని చేతితో ఒక చుట్టు తిప్పండి. నలుపు అంచు దగ్గరే చెరిగితే వాలు నిలువుగా ఉన్నట్టు. వీపు వైపు చెరిగితే మరీ పడుకున్నట్టు. మొత్తం చెరిగితే కుదిరినట్టు. కుదిరాక పట్టీ మీద ఉలితో గీత కొట్టుకోండి. కొడవలికి ఒక గీత, పారకు ఒక గీత ఉంటే మరుసారి వెతుక్కోనక్కరలేదు.

నీలం తిరిగితే పదును పోయినట్టే

కమ్మరి కొడవలిని కాల్చి నీళ్ళలో ముంచి పదును పడతాడు. ఆ గట్టితనమే వాదరను నిలబెడుతుంది. సాన మీద ఇనుము వేడెక్కితే ఆ గట్టితనం తిరిగి మెత్తబడుతుంది. వేడి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వచ్చేసరికి అంచు లేత గడ్డి రంగుకు తిరుగుతుంది. 300 డిగ్రీల దగ్గర నీలం తేలుతుంది. నీలం కనిపించిందంటే అంత మేర పదును పోయిందని అర్థం. చూడటానికి తళతళలాడుతుంది, చేలోకి పోయిన అరగంటకే మొద్దుబారుతుంది. “సాన పట్టించినా నిలవడం లేదు, ఇనుము మంచిది కాదు” అనుకునే కొడవళ్ళలో చాలావరకు ఇలా మాడినవే.

కాబట్టి బల్ల మీద నీళ్ళ డబ్బా ఉండాలి. కొడవలిని పిడి వైపు నుంచి మొన దాకా ఆగకుండా జరుపుతూ, పైపైన ఆనించాలి. నొక్కకూడదు. రెండు మూడుసార్లు జరిపి నీళ్ళలో ముంచాలి. వేలికి సెగ తగిలేదాకా ఆగవద్దు. మొన పలచన గనుక ముందు మాడేది అదే. అక్కడ చేయి ఆపవద్దు.

అనుమానం ఉంటే ఆకురాయితో అంచును గీసి చూడండి. జారిపోతే గట్టిగా ఉన్నట్టు. సులువుగా పట్టి కోస్తే మెత్తబడినట్టు. నీలం తిరిగిన మేర నెమ్మదిగా, నీళ్ళలో ముంచుతూ అరగదీసేస్తే కింద మళ్ళీ గట్టి ఇనుము తగులుతుంది.

అంచు వెంట్రుకంత మిగిలి ఉండగానే చక్రం మీది నుంచి తీసేయాలి. మిగిలింది చేతి సానరాయి మీద రెండు వైపులా అయిదారు రుద్దులతో పూర్తి చేస్తే వాదర నిలుస్తుంది. ఆ పైన ఆముదం గాని, వాడేసిన ఇంజను ఆయిలు గాని పూసి దాచాలి. ఆ పనిలోనే పిడి, కామ వదులయ్యాయేమో చూసుకోవాలి.

అన్నిటికీ సాన కాదు

సాన ఇనుమును తింటుంది, సుత్తె ఇనుమును సాగదీస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోవాలి. అరిగిన నాగటి కర్రు, గునపం మొన, మందమైపోయిన గొడ్డలి కొలిమిలో కాల్చి సాగగొట్టించాల్సినవే. వీటిని చక్రం మీద పెడితే పొట్టిబడటమే తప్ప ప్రయోజనం లేదు. సాన బల్ల వచ్చినంత మాత్రాన కమ్మరితో పని తీరిపోదు.

పళ్ళ కొడవలిని చక్రానికి తాకించనే కూడదు. పళ్ళు అరిగిపోతే అది ఎందుకూ కొరగాదు. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగు సంస్థ రూపొందించిన నవీన్ కొడవలి ఈ రకానిదే. వీటికి మాటిమాటికీ సాన అవసరం ఉండదు.

చొప్ప కత్తిరించే యంత్రం బ్లేళ్ళను, గడ్డి కోసే యంత్రం బ్లేళ్ళను యంత్రం ఆపి, ఊడదీసి సాన పట్టాలి. జత బ్లేళ్ళలో ఒకటి ఎంత అరిగితే రెండోదీ అంతే అరగాలి. బరువు తేడా వస్తే యంత్రం అదురుతుంది. రోటవేటరు బ్లేళ్ళు అరిగితే మార్చుకోవడమే మేలు.

ఇత్తడి, అల్యూమినియం, కర్ర చక్రం మీద పెట్టవద్దు. చక్రం గరుకు పూడిపోతుంది. నున్నబడిన చక్రాన్ని బజారులో దొరికే డ్రెస్సరుతో గరుకు చేసుకోవాలి. చక్రం పక్క ముఖం మీద సాన పట్టడం అసలే పనికిరాదు.

కళ్ళు, గడ్డివాము జాగ్రత్త

సాన నుంచి రాలే రవ్వలు కాలుతున్న ఇనుప రజను. గడ్డివాము, పత్తి బోరెలు, డీజిలు డబ్బాలు ఉన్న వైపు బల్ల పెట్టకూడదు. రవ్వ గడ్డిలో పడి, మనం ఇంట్లోకి పోయాక రాజుకోవచ్చు. పని అయ్యాక చుట్టూ నీళ్ళు చల్లి, కొంతసేపు కనిపెట్టి ఉండాలి.

పక్కలు కూడా మూసి ఉండే కళ్ళద్దాలు లేకుండా సాన దగ్గరకు పోవద్దు. కంట్లో రజను పడితే నలపకూడదు. గుడ్డ కొసతోనో, నాలుకతోనో తీయించుకోవడం మన ఊళ్ళలో ఉంది. అది ప్రమాదం. ఇనుప రజను నల్లగుడ్డు మీద ఉండిపోతే చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది. వెంటనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి. కొక్కెం తగిలించిన తీగలతో, తడి నేల మీద చెప్పులు లేకుండా గ్రైండరు నడపవద్దు. షాకు కొట్టగానే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చి పెట్టించుకుంటే ఇంకా మంచిది.

స్విచ్చి వేసే ముందు..

* కండువా తీసేయండి. లుంగీ ఎగగట్టండి. ఆడవాళ్ళు కొంగు దోపుకుని, జడ ముడి వేసుకుని, గాజులు వెనక్కి తోసుకోవాలి. చేతికి వదులు తొడుగులు వేసుకోవద్దు.
* చక్రం మీది ఇనుప కవచం ఎప్పుడూ తీయవద్దు.
* చక్రం ముందు భాగం పై నుంచి కిందికి, పలక వైపు తిరుగుతున్నదో లేదో చూడండి.
* పలక సందు 3 మి.మీ. లోపే ఉందా? నట్టు బిగిసి ఉందా?
* నీళ్ళ డబ్బా నిండా ఉందా?
* పిల్లలు దగ్గర లేరు కదా?
* పని అయ్యాక ప్లగ్గు పీకేయండి.

కోతలు మొదలు కావడానికి వారం ముందే ఇంట్లోని పనిముట్లన్నీ ఒకచోట వేసి చూసుకోండి. సాన బల్లకు పోయేవి ఒక పక్క, కొలిమికి పోయేవి ఒక పక్క, పిడి మార్చాల్సినవి ఒక పక్క. ఒక పూట పని. ఆ పూట పెట్టుకుంటే సీజనంతా కూలీలు రాయి వెతుక్కోకుండా కోత సాగిపోతుంది.